గిలకలదిండిలో అలక బటన్

బందరు పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల వారికి తెలిసిన సంగతే అయినా మరోసారి మనవి చేసుకుంటున్నాం. మన ప్రాంతంలో మనుషుల మధ్య నమ్మకం కిందటి ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి అధికారికంగా అమల్లోకి వచ్చింది. ఆర్థిక సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది కాబట్టి ఆ తేదీ పెట్టారు, వేరే ఉద్దేశం లేదు. అంతకు ముందు కూడా ఇక్కడ నమ్మకం ఉండేదని కొందరు పెద్దవాళ్ళు అంటారు గానీ, అందుకు ఆధారాలేవీ దొరకలేదు. ఆధారం లేని నమ్మకానికి గ్రాంటు రాదు.

ఈ మహత్కార్యం కోసం ఏర్పడిన పరస్పర విశ్వాస వర్ధన సంస్థ ఆఫీసు పరాసుపేటలో ఒక అద్దె మేడ మీద ఉంది. అధ్యక్షులు దక్షిణామూర్తి గారు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవారు. ఉపాధ్యక్షురాలు ఆండాళ్ గారు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనవారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అపారమైన గౌరవం. అందుకే ఆఫీసు తలుపుకు రెండు తాళాలు వేయించి, ఒక తాళంచెవి ఆయన దగ్గర, రెండోది ఆవిడ దగ్గర పెట్టుకున్నారు. ఇద్దరూ కలిసి వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. సమష్టి కృషి అంటే ఏమిటో గుమ్మం దగ్గరే తెలియజెప్పే ఆఫీసు జిల్లాలో ఇదొక్కటేనని అందరూ మెచ్చుకున్నారు. ఆండాళ్ గారు తిరుపతి వెళ్ళిన వారం రోజులూ సిబ్బంది మెట్ల మీద కూర్చుని విధులు నిర్వర్తించారు. నేను ఆ సంస్థలో ప్రజాసంబంధాల ఉపసంఘం సభ్యుణ్ణి. ఉపసంఘంలో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి అభిప్రాయభేదాలు తక్కువ.

నమ్మకాన్ని కంప్యూటర్లో పెట్టే పని రఘునందన్‌కు అప్పజెప్పారు. మన బందరు వాడే. తాతగారు తాలూకాఫీసులో గుమాస్తా, తండ్రిగారు స్కూలు మాస్టారు. అతను బెంగళూరు కంపెనీలో పదేళ్ళు పనిచేసి, పక్క సీట్లో కూర్చున్నవాడి పేరు కూడా తెలుసుకోకుండా, మనుషులు కలిసి పనిచేసే వ్యవస్థల రూపకల్పనలో నిపుణుడై తిరిగొచ్చాడు. మొదటి సమావేశంలోనే, "సార్, ట్రస్ట్ అనేది ఫీలింగ్ కాదండీ, అదొక ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. రోడ్డు వేసినట్టు వేసుకుంటూ పోవాలి" అన్నాడు. బందరు రోడ్లు రోజూ చూస్తున్న మేం కొంచెం ఆలోచనలో పడ్డాం. దక్షిణామూర్తి గారు మాత్రం వెంటనే తీర్మానం రాయించారు.

ఆ విధంగా తయారైంది ఆప్తవారధి. ఫోన్‌లో పెట్టుకోవాలి. మీరెవరిని ఎంత నమ్ముతున్నారో, మిమ్మల్ని ఎవరెంత నమ్ముతున్నారో అది లెక్కగట్టి నూటికి ఇన్ని అని ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకు ఆప్తాంకం అని దక్షిణామూర్తి గారే నామకరణం చేశారు. దీని మీద సిబ్బందికి శిక్షణ మంగినపూడి బీచిలో జరిగింది. కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనక నిలబడ్డవాళ్ళు పట్టుకోవాలి, దానివల్ల నమ్మకం పెరుగుతుందని రఘునందన్ చెప్పాడు. సీనియర్ అసిస్టెంట్ ఒకాయన ముందుగా పడ్డాడు. పట్టుకోవలసిన ముగ్గురూ తమలో ఎవరు పట్టుకోవాలో రాతపూర్వకమైన ఆదేశం లేదు కదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇసుక మెత్తగా ఉండడం వల్ల పెద్దగా ప్రమాదం జరగలేదు, ఆయన మూడు వారాల సెలవు తర్వాత చేరిపోయాడు.

ప్రయోగాత్మకంగా దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలనే చర్చ వచ్చింది. మన వీధుల్లో మొదలుపెడదామంటే చదువుకున్నవాళ్ళ మధ్య ఇప్పటికే బోలెడంత మర్యాద ఉంది, దాన్ని కదిలించడం మంచిది కాదని ఆండాళ్ గారు అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. అందుచేత గిలకలదిండి చేపల రేవును ఎంపిక చేశారు. అక్కడి వాళ్ళు పొద్దున్నే లేచి గట్టిగా అరుచుకుంటారు కాబట్టి వాళ్ళ మధ్య నమ్మకం లేదని దూరం నుంచే తెలుస్తోంది.

రఘునందన్ రేవుకెళ్ళి సర్వే చేశాడు. అక్కడ అతనికి దొరికిన ఆణిముత్యం కోటిలింగం, నరసింహారావుల కేసు. ఇద్దరికీ చెరో మరబోటు ఉంది, ఇద్దరి ఇళ్ళకూ మధ్యగోడ ఒకటే. పదకొండేళ్ళుగా మాటల్లేవు. గొడవకు కారణం ఇద్దరికీ గుర్తు లేదు, బాగా గుర్తుందని మాత్రం ఇద్దరూ చెబుతారు.

"నరసింహారావు గారిని మీరు నమ్ముతారా?" అని రఘునందన్ కోటిలింగాన్ని అడిగాడు.

"ఆడినా? పొద్దున్నే ఆడి పేరెత్తకండి బాబూ."

"సరే, నమ్మరు. మరి మీ బోటు మొగ దగ్గర ఇసుకెక్కితే ఎవరు లాగుతారు?"

"ఎనకాల ఎవరుంటే ఆళ్ళు లాగుతారు. మొన్న ఏసంగిలో ఎక్కితే ఆడే లాగాడు."

"ఎవరండీ?"

"అదే, మీరు పేరెత్తినాడు."

"ఆయన మీతో మాట్లాడరు కదా?"

"మోకు ఇసరడానికి మాటలెందుకండీ" అన్నాడు కోటిలింగం, వలకు ముడి వేసుకుంటూ.

ఈ విషయం మీకు కొంచెం విడమరిచి చెప్పాలి. గిలకలదిండి కాలువ సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేసింది. పోటు మీద బోట్లు నిక్షేపంగా వస్తాయి, నీళ్ళు తీసే వేళకు వస్తే అడుగు ఇసుకలో కూరుకుపోతుంది. అలా కూరుకుపోయిన బోటుకు దగ్గర్లో ఉన్నవాడు మోకు విసరాలి, కూరుకున్నవాడు దాన్ని కట్టుకోవాలి. విసిరేవాడు అవతలివాడి ముఖం చూడడు. కట్టుకునేవాడు దండం పెట్టడు. బోటు బయటపడ్డాక మోకు విప్పి నీళ్ళలో పారేస్తారు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఈ పదకొండేళ్ళలో వీళ్ళిద్దరూ ఒకరి బోటు ఒకరు ఎన్నిసార్లు లాగారో వాళ్ళకే తెలియదు. రఘునందన్ ఇదంతా విని, కంప్యూటర్‌లో పరస్పర విరుద్ధ సమాచారం అనే గడిలో వేసి, తర్వాత ఆ గడిని చెరిపేశాడు.

తదుపరి చర్యగా ఇద్దరికీ సయోధ్య కుదర్చాలని సంస్థ నిర్ణయించింది. వేలంపాట షెడ్డులోనే స్టేజీ కట్టారు. కోటిలింగాన్ని, నరసింహారావును ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి, రెండు నిమిషాలు రెప్ప వెయ్యకుండా ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోమన్నారు. రెప్ప వెయ్యకుండా చూస్తే ఎవరికైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళను సంస్థ ఫొటోగ్రాఫరు జాగ్రత్తగా పట్టుకున్నాడు. మర్నాటికల్లా ఆ ఫొటో కోనేరు సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ అయింది. అందులో దక్షిణామూర్తి గారి బొమ్మ, వారిద్దరి బొమ్మలు, వారి కన్నీళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ సభలో దక్షిణామూర్తి గారు చేసిన ప్రసంగం చిరస్మరణీయమైనది. "సోదర సోదరీమణులారా, ఈ రోజు ఇద్దరు మత్స్యకార సోదరులు చేతులు కలిపారు. రేపు రేవంతా కలుపుతుంది. ఎల్లుండి గుడివాడ కలుపుతుంది. ఆపైన దివిసీమ ఎలాగూ ఆగదు. నమ్మకం అనేది మన పూర్వులు అనుకున్నట్టు గుండెల్లో ఉండేది కాదు. గుండెలు ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేం. నమ్మకాన్ని ఇప్పుడు సర్వర్‌లో భద్రపరిచాం. దానికి బ్యాకప్ కూడా ఉంది." చప్పట్లు కొట్టమని ఎవరూ చెప్పకుండానే సిబ్బంది కొట్టారు. ఆ సాయంత్రానికి ఇద్దరి మధ్య ఆప్తాంకం సున్నా నుంచి తొంభై ఎనిమిదికి చేరింది.

స్నేహితులయ్యాక వాళ్ళ జీవితాల్లో చాలా మార్పులొచ్చాయి. ఇదివరకు వీధిలో ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవారు, క్షణంలో పనైపోయేది. ఇప్పుడు ఆగి పలకరించాలి. పలకరించేటప్పుడు ముఖం ఎలా పెట్టాలో ఇద్దరికీ అలవాటు లేదు. వేలంలో ఒకరి చేపలకు ధర ఎక్కువ పలికితే రెండోవాడు సంతోషించి, ఆ సంతోషాన్ని ఆప్తవారధిలో నమోదు చెయ్యాలి. అందరికంటే ఎక్కువ ఉత్సాహపడింది కోటిలింగం భార్య మహాలక్ష్మి. ఆవిడ రేవులో చేపలు కొని బందరు మార్కెట్లో అమ్మే మనిషి, నోరు మంచిదే గానీ పెద్దది. ఇంటి గడపకు పసుపు రాసినంత శ్రద్ధగా ఆప్తాంకం చూసుకునేది. చేపల గంప పక్కన ఫోన్ పెట్టుకుని, "మాది తొంభై ఎనిమిదమ్మా, ఈ రేవులో ఎవరికుందో చూపించండి" అని బేరానికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించింది. బేరం కుదిరాక ఆప్తాంకం చూసి పావుకిలో తగ్గిందన్న మాట ఎవరూ అనలేకపోయారు.

ఆప్తవారధిలో అన్నిటికంటే గొప్ప సౌకర్యం అలక బటన్. దీన్ని గురించి చెప్పడానికి రఘునందన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "విదేశాల్లో తయారైన సిస్టమ్స్ మన దగ్గర ఎందుకు ఫెయిలవుతాయో తెలుసాండీ? వాళ్ళకి గొడవలుంటాయి. మనకి గొడవలుండవు, అలకలుంటాయి. పెళ్ళికొడుకు కోసం అలకపాన్పు వేసిన జాతి మనది. ఆ సౌకర్యం ఒక్క పెళ్ళికొడుక్కే ఎందుకుండాలి? ప్రతి పౌరుడికీ ఉండాలి" అన్నాడు. మనసు నొచ్చుకున్నవారు ఆ బటన్ నొక్కితే ఆప్తవారధిలో వారి ఫొటో పక్కకు తిరుగుతుంది. ఇక వారికి ఎవరూ సందేశం పంపరాదు, సాయం అడగరాదు, వారు చెయ్యరాదు. నొప్పించినవారు వచ్చి బుజ్జగించాలి, ఇద్దరు పెద్దమనుషులు సిఫార్సు చెయ్యాలి, ఆ తర్వాత అధ్యక్షులూ ఉపాధ్యక్షురాలూ కలిసి సంతకాలు చేస్తే అలక తీరినట్టు. ఎవరి గౌరవానికీ ఏ భంగమూ రాకుండా చేసిన ఏర్పాటిది.

జనం ఈ సౌకర్యాన్ని అక్కున చేర్చుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ యజమాని తనకు ఐదు నక్షత్రాలకు బదులు నాలుగే ఇచ్చారని అలక నొక్కాడు, ఆ పూట రేవులో రొయ్యలు ఎండను నమ్ముకున్నాయి. వేలం పాడే ఆయన తాను పాడుతుండగా ఒకడు ఆవలించాడని నొక్కాడు. ఊళ్ళోకి కూడా ఇది పాకింది. ఈడేపల్లిలో ఒక ఇంట్లో అత్తా కోడలూ ఒకేసారి నొక్కేసరికి వంట చెయ్యడానికి ఎవరికీ అధికారం లేకుండా పోయింది, మగవాళ్ళు హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చుకున్నారు. చివరికి కోనేరు సెంటర్ ఫ్లెక్సీ మీద అధ్యక్షుల పేరు లావు అక్షరాల్లో, తన పేరు సన్న అక్షరాల్లో పడిందని ఆండాళ్ గారు నొక్కారు. దానితో ఒక చిన్న సాంకేతిక సమస్య తలెత్తింది. అలక తీరాలంటే ఆవిడ సంతకం కావాలి, అలకలో ఉన్నవారు సంతకం చెయ్యరాదు. ఆవిడ అలక తీరడానికి కూడా ఆవిడ సంతకమే కావాలి. ఈ విషయాన్ని పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ ఆఫీసులో కూర్చోవాలి, ఆఫీసుకు రెండో తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కోటిలింగం మనవరాలికి చెవులు కుట్టించారు. మహాలక్ష్మి పిలుపులన్నీ ఆప్తవారధి ద్వారానే పంపింది. దాని ద్వారా పిలిస్తే అంకె పెరుగుతుందని ఎవరో చెప్పారు. నరసింహారావు ఫోన్ టింగుమంది. తెరిచి చూస్తే గులాబీ పువ్వులు, పాపాయి బొమ్మ, మీ రాక మాకు ఆనందం అన్న మాట. ఆయన భార్య ఆ ఫోన్‌ను రెండు వైపులా తిప్పి చూసి, "మధ్యగోడ ఇవతల ఉన్నాం. నాలుగు అడుగులేసి గుమ్మంలోకొచ్చి, నా నుదుటిన ఇంత బొట్టు పెట్టి పిలవడానికి ఆవిడకి చేతులు లేవా? టింగుమంటే ఎగేసుకుని వెళ్ళడానికి మనమేమన్నా కోడిపిల్లలమా?" అంది.

పదకొండేళ్ళలో కోటిలింగం ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం జరిగాయి. ఒక్కదానికీ నరసింహారావును పిలవలేదు, ఆయన పట్టించుకోనూ లేదు. శత్రువు పిలవకపోతే బాధేముంది, పిలిస్తేనే కంగారు. ఇప్పుడలా కాదు, తొంభై ఎనిమిది మార్కుల స్నేహితుడాయన. ఆయన చాలాసేపు బాధపడి అలక నొక్కాడు. కోటిలింగం ఫోన్‌లో ఆయన ఫొటో పక్కకు తిరిగింది. కోటిలింగం అది చూసి, "ఇంత స్నేహం చేశాక చెవులు కుట్టించే పిలుపుకే అలుగుతాడా, నేనెళ్ళి బుజ్జగించను" అని భీష్మించుకున్నాడు. మహాలక్ష్మి వెళ్దామనుకుంది గానీ, బుజ్జగించడానికి వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా, ఒప్పుకుంటే అంకె తగ్గుతుందేమోనని ఆగింది.

నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ వెనక్కి రావాలని కబురు వెళ్ళింది. అన్నీ వచ్చాయి. కోటిలింగం బోటు ఆఖరున, నీళ్ళు తీసే వేళకు, మధ్యాహ్నం మొగ దగ్గరకు వచ్చింది. అందులో కోటిలింగంతో కలిపి ఆరుగురున్నారు. అందరూ చూస్తుండగానే బోటు ఇసుకెక్కి ఆగిపోయింది. వెనక నుంచి కెరటాలు కొడుతున్నాయి. నీళ్ళు తగ్గేకొద్దీ బోటు ఒక పక్కకు ఒరుగుతోంది. ఒరిగిన బోటు మీద రెండు పెద్ద కెరటాలు పడితే బోల్తా కొడుతుంది, దాని కింద మనిషి చిక్కుకుంటే దొరకడు. ఇది రేవులో అందరికీ తెలిసిన విషయం.

మొగకు లోపల, మోకు విసిరితే అందే దూరంలో ఉన్నది నరసింహారావు బోటు ఒక్కటే. కాలువ ఇరుకు కావడం వల్ల మిగతా బోట్లు దాన్ని దాటి ముందుకు వెళ్ళలేవు. నరసింహారావు ఇంజను ఆపలేదు. మోకు చుట్ట చేతిలోకి తీసుకుని బోటు వెనక అంచు మీదికొచ్చి నిలబడ్డాడు. అలవాటైన చెయ్యి సగం దాకా లేచింది. అంతలో ఆయనకు తాను స్నేహితుణ్ణని గుర్తొచ్చింది.

"స్నేహితుడన్నాక నోరు తెరిచి ఒక మాట అడగొద్దా?" అన్నాడు తన కళాసీలతో, కోటిలింగానికి వినపడేలా. "పగోడైతే అడక్కుండానే ఇసిరేవోణ్ణి."

"స్నేహితుణ్ణి అడుక్కోవాలంట్రా?" అన్నాడు కోటిలింగం తన కళాసీలతో, నరసింహారావుకు వినపడేలా. "ఆ మాత్రం తెలుసుకోనోడు ఏం స్నేహితుడు?"

రెండు బోట్ల కళాసీలూ ఎవరికి జవాబు చెప్పాలో తెలియక నిలబడ్డారు. గాలి ఇంకా ఎక్కింది.

ఈలోగా ఒడ్డున వ్యవస్థ తన పని తాను చేసుకుపోతోంది. కోటిలింగం బోటు ఆపదలో ఉన్నట్టు ఆప్తవారధి దానంతటదే గుర్తించి అందరి ఫోన్లకూ కబురు పంపింది. దాని కింద నేనున్నా అనే ఆకుపచ్చ బటన్ ఉంటుంది. ఒడ్డున ఉన్న రెండు మూడొందల మందిమీ నొక్కాం. నొక్కిన ప్రతిసారీ చేతులు జోడించిన బొమ్మ ఎగిరి పైకి వెళ్తుంది, చూడడానికి చాలా బాగుంటుంది. గుడివాడ నుంచి నొక్కారు, అవనిగడ్డ నుంచి నొక్కారు, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం గుడికి దర్శనానికి వెళ్ళినవాళ్ళు క్యూలో నుంచే నొక్కారు. రఘునందన్ ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఐసు పెట్టె మీద కూర్చున్నాడు. అంకె పెరుగుతుంటే అతని ముఖం వెలిగిపోతోంది. "ఇంత మంది ఒక్క బోటు వెనక నిలబడడం ఎప్పుడైనా చూశారా సార్?" అని నన్నడిగాడు. బోటు వెనక నిజానికి కెరటాలు తప్ప ఎవరూ లేరు గానీ, అతను చెప్పింది వేరే అర్థంలో.

దక్షిణామూర్తి గారు కారు దిగి మైకు అందుకున్నారు. "కోటిలింగం గారూ, ధైర్యంగా ఉండండి. యావత్ జిల్లా మీతో ఉంది. నరసింహారావు గారూ, మీ అలకను సంస్థ పూర్తిగా గౌరవిస్తోంది. మీ మనోభావాలు దెబ్బతినకుండా ఈ సమస్యకు పరిష్కారం కనుక్కుంటాం. ఇద్దరు పెద్దమనుషులు సిఫార్సు చేస్తే నా సంతకం సిద్ధం. ఉపాధ్యక్షురాలి సంతకం విషయంలో పైకి రాశాం" అన్నారు. సిఫార్సు చెయ్యడానికి ఇద్దరు కాదు, ఇరవై మంది ముందుకొచ్చారు. ఎవరు ముందు వచ్చారన్న దాని మీద ఇద్దరు అలిగారు.

మహాలక్ష్మి మార్కెట్ నుంచి ఆటోలో వచ్చి దిగింది. మొగ వైపు చూసింది. అందరిలాగే ముందు ఫోన్ తీసి ఆకుపచ్చ బటన్ నొక్కింది. ఆవిడ నొక్కుతుండగానే పెద్ద కెరటం ఒకటి లేచి బోటు మీద విరుచుకుపడింది. బోటు ఇంకా ఒరిగింది, కోటిలింగం కాలు జారి కమ్మీ పట్టుకుని వేలాడాడు. ఫోన్లలో చేతులు జోడించిన బొమ్మలు ఎగురుతూనే ఉన్నాయి. మహాలక్ష్మి ఫోన్‌ను గంపలోకి విసిరేసింది. చీర ఎగదోపుకుని గట్టు చివరిదాకా పరుగెత్తి నరసింహారావు వైపు తిరిగింది.

"ఏమయ్యో నరసింహారావూ, నీతో స్నేహమన్న రోజే మా కొంపకి శని పట్టింది. నీకు పిలుపు కావాలంట, బొట్టు కావాలంట. ఎవరివయ్యా నువ్వు మాకు? నా మనవరాలికి నీ గాలి కూడా సోకనివ్వను. రేపు దాని పెళ్ళికీ పిలవను. నీ గుమ్మం తొక్కను, నా గుమ్మం తొక్కనివ్వను. ఈ రోజుతో నీకూ మాకూ ఏమీ లేదు. మళ్ళీ నీ మొహం చూస్తే ఒట్టు."

అప్పుడు నరసింహారావు ముఖం చూడవలసింది. ఇన్ని నెలలుగా నెత్తిన మోస్తున్న బరువేదో దించినట్టు అయింది ఆయనకు. "నీ మనవరాలి పెళ్ళికి నేనొస్తానని ఎవడన్నాడే? మీ ఇంటి మంచినీళ్ళు తాగితే కూడా అరగవు నాకు" అని అరుస్తూనే మోకు విసిరాడు. కోటిలింగం ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో అందుకున్నాడు. "నా బోటుకి నీ మోకు తగిలితే బోటు కడుక్కోవాలిరా" అని అరుస్తూ కట్టాడు. నరసింహారావు ఇంజను పెంచాడు. మోకు బిగిసింది, మూలిగింది. చేతులతో కూడా పట్టి లాగుతున్నాడాయన, ఆయన కళాసీలు ఆయన నడుం పట్టి లాగుతున్నారు. ఇద్దరూ తాతల నుంచి మొదలుపెట్టి ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకుంటూ ఉండగా బోటు అడుగు కదిలింది, మరో అడుగు కదిలింది, ఇసుక వదిలి కాలువలోకి జారింది. ఆరుగురూ బతికారు. ఉన్నమాట చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. గట్టు మీద కూలబడి మహాలక్ష్మి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఇంకా ఎక్కువొచ్చింది.

కోటిలింగం మోకు విప్పి నీళ్ళలో పారేశాడు. నరసింహారావు దాన్ని చుట్ట చుట్టుకున్నాడు. ఇద్దరూ తలలు చెరో వైపుకు తిప్పుకుని ఒడ్డున దిగారు. ఆ తర్వాత ఇప్పటిదాకా మాటల్లేవు.

ఈ సంఘటన మీద సంస్థ సమగ్రమైన నివేదిక తయారు చేసింది. ఆ రోజు మధ్యాహ్నం రెండు కుటుంబాల మధ్య ఆప్తాంకం తొంభై ఎనిమిది నుంచి సున్నాకు పడిపోయిందని, రేవు చరిత్రలో నమ్మకానికి అది అత్యంత దుర్దినమని అందులో విచారం వ్యక్తం చేశారు. బహిరంగ ప్రదేశంలో అమర్యాదకరమైన భాష వాడి, మరొక సభ్యుడి అలకకు భంగం కలిగించినందుకు మహాలక్ష్మికి నోటీసు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఎండు చేపలు చుట్టడానికి వాడినట్టు తెలిసింది. మిగతా విషయాల్లో మాత్రం ప్రయోగం దిగ్విజయంగా ముగిసిందని, వచ్చే ఏడాది గుడివాడకు, దివిసీమకు విస్తరించాలని నివేదిక సిఫార్సు చేసింది.

ఆపదలో ఉన్న ఆరుగురిని కాపాడినవారికి ప్రశంసాపత్రాలు కూడా ఇచ్చారు. సాయంత్రానికి ఒడ్డున ఎవరో తీసిన వీడియో, కింద ఆకుపచ్చ బటన్‌తో సహా, రాష్ట్రమంతా తిరగడం వల్ల కాపాడినవారి సంఖ్య వేలల్లోకి వెళ్ళింది. అందరికీ ఫోన్‌కే పంపించారు. రక్షకుడు అని పైన, పేరు కింద, పక్కన దక్షిణామూర్తి గారి సంతకం. నాది రంగుల్లో తీయించి ముందు గదిలో పెట్టుకున్నాను, వచ్చినవాళ్ళందరూ చూసి సంతోషిస్తున్నారు. నరసింహారావు పేరు మాత్రం అందులో రాలేదు. ఎందుకని రఘునందన్‌ను అడిగాను. పొరపాటేమీ లేదండీ, బటన్ నొక్కినవాళ్ళ పేర్లే వస్తాయి, ఆ సమయానికి ఆయన రెండు చేతులూ మోకు మీద ఉన్నాయి అన్నాడు.

మీరు కంగారుపడకండి. ఆ వీడియో చూసినప్పుడు మీ చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి కాబట్టి మీ పేరు తప్పకుండా వచ్చి ఉంటుంది.